చెల్లికి వేయించని టీకా

పక్కింటి పిల్లాడికి తట్టు వచ్చింది. గుమ్మానికి కట్టిన వేపమండల వాసన తగలగానే బెంగాల్‌కి వలస వెళ్ళినప్పుడు వాట్‌గంజ్‌లో మేమున్న పాత గది గుర్తుకొచ్చింది.

నా చిన్నప్పుడు, నాకు మశూచి తగ్గిన కొన్నాళ్ళకే, టీకాలు వేసే బెంగాలీ ఆయన వచ్చాడు. నాయనమ్మ చెల్లిని కొంగు చాటున దాచి, గుంటలు పడ్డ నా మొహం చూపించింది.

“సూదెందుకు దాదా? దీనికి అమ్మోరొచ్చి ఎల్లిపోనాది. మరి జన్మలో రాదు. చిన్నదానికీ అంతే.”

“అసలు రాకుండానే ఆపొచ్చు, మాసీమా!” అని పిన్నిని పిలిచినట్టు పిలిచి బతిమాలాడాయన.

“అమ్మోరినే గెంటేస్తావేటి?” అని కసిరింది నాయనమ్మ.

తరవాత చెల్లికీ వచ్చింది. నాకు మళ్ళీ రాదు కనుక నన్నే దాని పక్కన కూర్చోబెట్టారు. పట్టుకుంటే నా బలం దానికి ఎక్కుతుందనుకుని నేను దాని చెయ్యి వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఆ చెయ్యి చల్లబడిపోయింది.

నాయనమ్మ అన్నది అబద్ధం కాదు. నాకు మళ్ళీ రాలేదు. రోగమూ రక్షణ ఇస్తుంది, కానీ బతికినవాళ్ళకే. టీకా అయితే చావు దాకా తీసుకెళ్ళకుండానే ఇస్తుంది. ముసలితనంలో అక్షరాలు నేర్చాక ఇది చదువుకున్నాను.

ఆ పిల్లాడి తల్లికి, పక్కింటి కోడలికి, ఇదంతా చెప్పి, వాడి చెల్లి చంటిదానికైనా తట్టు టీకా వేయించమన్నాను.

“నీకు తగ్గిపోనాది కదేటి, మామ్మా!” అని నవ్వింది.

చూపించడానికి చెల్లి ఫోటో కూడా లేదు.