ఓంప్రకాశ్ వ్యాను, ఏసురత్నం బాప్తిస్మం

రాణిగంజ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ ఏసురత్నం పేరు చెబితే ముందు గుర్తొచ్చేది అతని పని కాదు, అతని ‘ఛీ’. బానెట్ ఎత్తగానే ఒకటి, లోపలి వైర్లు చూడగానే ఇంకొకటి. టేపు చుట్టిన జాయింటు కనబడిందా, ఇక ఆ బండి ఓనరు పక్క సందులోకి వెళ్లి చాయ్ తాగి రావడమే మంచిది. వైరుకు వైరు మెలేసి, మీద నల్ల టేపు చుట్టేసి చేతులు దులుపుకునే మనుషులంటే ఏసురత్నానికి ఒళ్లు మంట. ఎండకు కరిగిన ఆ టేపు జిగట వేళ్లకు అంటుకుంటే, ఎవరి చీమిడో తగిలినట్టు ముఖం పెట్టి, కిరోసిన్ గుడ్డతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంటాడు.

రోత వైర్లతో ఆగిపోయేది కాదు. హోటల్ గ్లాసంటే రోత, అందుకే చాయ్‌కి సొంత గ్లాసు. మోండా మార్కెట్‌లో కూరగాయల మీద చల్లే నీళ్లంటే రోత. కరచాలనాలంటే రోత. పెళ్లి భోజనాల్లో ఎవరైనా గరిటె మార్చకుండా రెండు కూరలు వడ్డిస్తే ఆ పూట అతను పస్తే. ఇలాంటివాణ్ని ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్లు కాపురం చేసిన ప్రేమమణికి ఎవరైనా దండం పెట్టాలి.

అన్నిటికంటే పెద్ద రోత ఇంకొకటుంది. అరవై దగ్గర పడుతున్నా అతను బాప్తిస్మం తీసుకోలేదు. పుట్టింది క్రైస్తవుల ఇంట్లోనే. కానీ వాళ్ల చర్చిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, తనంతట తాను ఒప్పుకున్నవాణ్ని ఈస్టరు నాడు నీళ్లలో నిలువునా ముంచుతారు. ముంచేది వేదిక వెనక ఉన్న సిమెంటు తొట్టిలో. అందరూ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలోకి దిగాలి. చిన్నప్పుడు ఒకసారి ఆ తొట్టిలోకి తొంగిచూస్తే మూలన చచ్చిన కప్ప ఉబ్బి తేలుతూ కనబడింది. ఇక అంతే.

“అందరి తలనూనె తేలే నీళ్లల్ల నన్ను ముంచుతరా? ఛీ!” అనేవాడు. “గంత మునిగినోళ్లు ఏం మారిన్రు? పొద్దుగాల మునుగుతరు, సాయంత్రం గోడ కోసం తమ్మునితోని కొట్లాడ్తరు.”

ఈ మాటలో అబద్ధం లేదు. అయితే ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో జరిగే సంగతి వేరు. ప్రభువు బల్ల నాడు ఆడవాళ్ల వైపు కూర్చున్న ప్రేమమణి రొట్టె ముక్క తీసుకుంటుంది. మగవాళ్ల వైపు రొట్టె పళ్లెం ఏసురత్నం దాకా వచ్చి, అతన్ని దాటి, పక్కవాడి చేతిలోకి పోతుంది. బాప్తిస్మం లేనివాళ్లు అందులో చెయ్యి పెట్టకూడదు. ఆ ఒక్క క్షణం ప్రేమమణి అటు చూడకుండా తల దించుకునేది.

అయినా ఆశ చావలేదామెకు. ప్రతి ఈస్టరుకూ చర్చికి ఒక గుడ్డ సంచి తీసుకొచ్చేది. అందులో తెల్ల లాల్చీ, పైజామా, తువ్వాలు ఉండేవి. చివరి నిమిషంలో మొగుడి మనసు మారితే తడిబట్టలతో ఇంటికి రాకూడదు కదా! సంచి ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చేది. లాల్చీ మడత మీదే పసుపు పచ్చబడితే కొత్తది కొనిపెట్టింది తప్ప సంచి మానలేదు.

ఏటా క్రిస్మస్‌కే మొదలుపెట్టే బాప్తిస్మం మాట మొన్న క్రిస్మస్‌కు ఆమె ఎత్తలేదు. ఎప్పుడెత్తుతుందా, ఎప్పుడు ‘ఛీ’ అందామా అని ఏసురత్నం కాచుకుని ఉన్నాడు. కొత్త సంవత్సరం కూడా వెళ్లిపోయింది. అడగకపోవడం అతన్ని పంటిలో ఇరుక్కున్న పీచులా వేధించింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక తనే అన్నాడు.

“ఈ ఈస్టరుకు నేను దిగుత.”

“మంచిది,” అంది ప్రేమమణి. వెల్లుల్లి పొట్టు తీస్తున్నదల్లా తల కూడా ఎత్తలేదు.

ఈస్టరు ముందు శనివారం చర్చి బోరు ఎండిపోయింది. రాంగోపాల్‌పేట్‌లో చర్చి ఉన్న సందులోకి పెద్ద ట్యాంకరు రాదు. పాస్టరు ఐజాక్ ఎవరెవరినో అడిగి ఓంప్రకాశ్‌ను పిలిపించాడు. ఓంప్రకాశ్‌ది చిన్న వ్యాను. వెనకాల నీళ్ల డ్రమ్ము, దాని పక్కన బ్యాటరీతో నడిచే పంపు. బేగంపేటలో ఒక విశ్వాసి ఇంటి సంపులోంచి నీళ్లు లాగి డ్రమ్ము నింపాలన్నా, తెచ్చి తొట్టిలోకి ఎక్కించాలన్నా ఆ పంపే దిక్కు. మొదటి ట్రిప్పు ఏదో అయిందనిపించింది. రెండోసారి నింపిన డ్రమ్ము చర్చి దగ్గరకు వచ్చాక పంపు మూలిగి ఆగిపోయింది. తొట్టిలో నీళ్లు మోకాలి దాకే ఉన్నాయి. నడుము దాకా లేకపోతే మనిషిని ముంచడం కుదరదు. పాస్టరు ఏసురత్నానికి కబురు పెట్టాడు.

“అన్నా, పరేషాన్ చేస్తుంది ఇది,” అన్నాడు ఓంప్రకాశ్, ఏసురత్నం స్కూటరు దిగక ముందే. “మోటార్ కొత్తదేసిన, బ్యాటరీ కొత్తది, స్విచ్ సుత కొత్తదే. అయినా గిట్లనే. జెరసేపు నడుస్తది, మెల్లగైతది, ఆగుతది. సల్లారినంక మళ్ల షురూ.”

“ఎవలు చూసిన్రు?”

“చూడనోళ్లు లేరన్నా.”

అది చూస్తేనే తెలుస్తోంది. ఎర్ర వైరు ఉండాల్సిన చోట ఆకుపచ్చది, దానికి అతికించిన నీలం ముక్క, మీద టేపు, ఆ టేపు మీద ఇంకొకడి టేపు. లోపల బల్లి గుడ్డు పెంకు ఒకటి. ఫ్యూజు ఉండాల్సిన చోట వంచిన మేకు.

“ఛీ! మేకు పెట్టిండేందయ్యా వాడు? బండి తగలబడాల్నా? ఛీ, ఛీ!” ఏసురత్నం మేకును వేలికొసలతో పీకి దూరంగా విసిరి, చేతులు తుడుచుకుని, సరైన ఫ్యూజు వేశాడు. జాయింట్లు కోసి మళ్లీ అతికాడు. పంపు తిరిగింది. నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ మూలిగింది.

అప్పుడు టెస్ట్ బల్బు తీశాడు. బ్యాటరీ దగ్గర బల్బు తెల్లగా వెలిగింది. తిరుగుతున్న మోటారు దగ్గర అదే బల్బు నీరసంగా ఎర్రబడింది. అంటే కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోంది. మోటారుకు వచ్చే వైరంతా చేత్తో తడిమాడు, చల్లగానే ఉంది. ఇక మోటారు నుంచి తిరిగి వెళ్లే నల్ల వైరు. అది బండి అడుగున ఉన్న ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు, ఒక బోల్టుతో బిగించి ఉంది. బండి ఇనుము మీదుగానే కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరాలి. ఆ బోల్టును ముట్టుకున్న ఏసురత్నం చెయ్యి చురుక్కుమంది.

దొరికింది. ఓంప్రకాశ్ అటువైపు పైపు చుడుతున్నాడు. ఈ సంగతి ఏసురత్నానికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే పాస్టరు ఐజాక్ మెట్లు దిగి వచ్చాడు. “ఏమంటారు ఏసురత్నం గారూ? అవ్వకపోతే చెప్పేయండి. బాప్తిస్మాలు వచ్చే ఏడాదికి పెట్టుకుందాం. దేవుడి చిత్తం అనుకుందాం.”

ఏసురత్నం తెరిచిన వెనక తలుపులోంచి లోపలి తొట్టిలోకి చూశాడు. మోకాలి లోతు నీళ్ల మీద అప్పుడే దుమ్ము తెట్టు కట్టింది. ఒక పావురం ఈక తేలుతోంది. రేపు ఇందులో వరసగా ఎంతమందో దిగాక, పెద్దవాడని చెప్పి తనను ఆఖర్న దింపుతారు. ‘మోటారు కాలిపోయింది’ అని ఒక్క మాట అంటే చాలు. రాణిగంజ్ మొత్తంలో ఆ మాటకు ఎదురు చెప్పేవాడు లేడు. తప్పు తనది కాదు, బోరుది, బండిది, దేవుడిది. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

కానీ కళ్లు బోల్టు మీద పడ్డాయి. వెండి రంగు, దాని మీద పసుపు, కుంకుమ, వాటి మీద మళ్లీ వెండి రంగు, మళ్లీ పసుపు. అంచుల్లోంచి పచ్చటి చిలుము చీములా కారి గడ్డకట్టింది. దీన్ని ఇలాగే వదిలేసి, బానే ఉన్న మోటారు మీద నింద వేసి ఇంటికి పోవడమా? అంతకంటే ఆ తొట్టే నయమనిపించింది.

“ఛీ! మోటారుకు ఏం కాలే అయ్యగారూ,” అన్నాడు పళ్లు కొరుకుతూ. “ఓంప్రకాశూ, ఇటు రా. ఈ బోల్టు ఏందిది?”

ఓంప్రకాశ్ కంగారుగా వచ్చాడు. “అన్నా, దాన్ని ముట్టకు. అది పూజ జాగ. ప్రతి దసరాకు కొబ్బరికాయ ఆ బోల్టుకే కొడ్త. మెకానిక్‌లను సుత ఆడ చెయ్యి పెట్టనియ్య.”

“రంగు?”

“నేనే ఏస్త. ఒక్క జాగ విడువ. బోల్టు విప్పి, కింద సుత రంగేసి మళ్ల బిగిస్త.” చెబుతున్నప్పుడు ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఏసురత్నం తల పట్టుకున్నాడు. కొత్త మోటారు, కొత్త బ్యాటరీ కొనిపించింది ఈ భక్తి! ఇనుముకు వైరుకు మధ్య ఏడాదికో పొర రంగు, దాని మీద కొబ్బరినీళ్లు. కరెంటు వెళ్లడానికి సందేదీ? చెడామడా తిట్టడానికి నోరు తెరిచాడు. కానీ ఓంప్రకాశ్ ఆ బోల్టుకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని నిలబడిన తీరు చూసి ఆగాడు.

“నేను ముట్ట. నువ్వే విప్పు. దండం పెట్టుకొని గీకు. ఇనుము తెల్లగ కనబడేదాక గీకాలె.”

ఓంప్రకాశ్ చెప్పులు విడిచి, బోల్టుకు దండం పెట్టి, ఉప్పుకాగితంతో గీకడం మొదలుపెట్టాడు. ఏసురత్నం పక్కన నిలబడి ‘ఇంకా, ఇంకా’ అంటూ విసుక్కున్నాడు. వైరు కొసకు కొత్త రాగి రింగు తొడిగి, మెరిసే ఇనుము మీద బిగించాక పంపు పాడినట్టు తిరిగింది. ఆగకుండా తిరిగింది. ఓంప్రకాశ్ బేగంపేటకు వెళ్లి వచ్చి, మళ్లీ వెళ్లి వచ్చి, తొట్టిని నడుము లోతు నింపాడు.

“పూజ జాగ ఎట్లనన్నా ఇగ?” అని అడిగాడు వెళ్లబోతూ.

“అద్దానికి పెట్టుకో. అద్దంల కరెంటు పోదు.”

ఇంటికి వెళ్లి ప్రేమమణితో చెప్పాడు. “తొట్టి నిండింది.”

“సరే, కాళ్లు కడుక్కో. అన్నం పెడ్త,” అంది.

తెల్లవారి చర్చి నిండా మల్లెపూల వాసన. అతను అనుకున్నట్టే ఆఖరివాడు. ముందున్నవాళ్లు దిగి లేచేకొద్దీ నీళ్ల మీద నూనె చారలు, జుట్టు వెంట్రుకలు. ఏసురత్నం కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. తన వంతు వస్తుండగా ఆడవాళ్ల వైపు వెళ్లి, వంగి గుసగుసగా అడిగాడు.

“సంచేది?”

ప్రేమమణి అతని ముఖంలోకి చూసింది. “తేలే.”

“మర్చిపోయినవా?”

“మర్చిపోలే.”

అంతే అంది. అందులో కోపం కూడా లేదు. తను మాటిచ్చిన రోజు ఆమె ఎందుకు తల ఎత్తలేదో, నిన్న తొట్టి నిండిందంటే కాళ్లు కడుక్కోమని ఎందుకందో ఏసురత్నానికి అక్కడ, ఆ బెంచీల మధ్య అర్థమైంది. తను దిగుతానంటే ఆమె నమ్మలేదు. నమ్మడం ఎప్పుడో మానేసింది. ఎన్ని బండ్ల లోపల ఎంత కంపు చూశాడో, కానీ తన మీద తనకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

వేసుకున్న ప్యాంటు షర్టుతోనే మెట్లు దిగాడు. పాస్టరు అడిగిన ప్రశ్నలకు జవాబు గట్టిగా చెప్పాడు. నీళ్లు తల మీదుగా పోయాయి. కొన్ని నోట్లోకి, కొన్ని ముక్కులోకి వెళ్లాయి. లేచి, దగ్గి, వచ్చి మగవాళ్ల వైపు బెంచీ చివర కూర్చున్నాడు. బట్టల్లోంచి నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. చలికి వణికాడు.

ఈస్టరు నాడూ ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె పళ్లెం బయలుదేరింది. అది అతని వరసకు రాకముందే ప్రేమమణి లేచింది. ఆ చర్చిలో ఏ ఆడమనిషీ చేయని పని చేసింది: నడిమి దారి దాటి మగవాళ్ల వైపు వచ్చి, తడి బెంచీ మీద అతని పక్కన కూర్చుని, కొంగుతో అతని తల తుడవడం మొదలుపెట్టింది.

“ఛీ, ఎంత నూనె,” అంది మెల్లగా.

పళ్లెం వచ్చింది. ఆమె ముందు తీసుకోలేదు. దాన్ని అతని చేతికి ఇచ్చి, అతను ఒక ముక్క తీసుకునేదాకా చూస్తూ కూర్చుంది.