వంత మనిషి

మా నాయనను కథకు అక్కరలేని మనిషన్నారు. అది అబద్ధం. ఆ మాట అన్న ఆయనకూ ఆ సంగతి తెలుసు.

జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్ చుట్టుపక్కల ఊళ్ళలో నాయన కథలకు వంత పాడేవాడు. కథ చెప్పే పెద్దాయనది మాకన్నా పై కులం. అయినా కథ నేలమీదే జరిగేది కాబట్టి ఇద్దరూ పక్కపక్కన నిలబడేవారు. పెద్దాయన చరణాన్ని సగంలో విడిచి ఊపిరి తీసుకునేవాడు. నాయన ఆ మాటను అందుకుని “గట్లనా? మల్లేమాయె?” అనేవాడు. వినేవాళ్ళ నోట్లో ఉన్న ప్రశ్న నాయన నోట వచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జహీరాబాద్‌లో ఒక వకీలు కొత్త ఇల్లు కట్టి, అరుగుమీద కథ పెట్టించాడు. పెద్దాయన, నాయన, వెంట నేను వాకిట్లోకి వచ్చాక పెద్దాయనతో అన్నాడు:

“నువ్వొక్కనివే ఎక్కు. వంత అంటే సప్లిమెంటు. ఉంటే ఉండె, లేకుంటే లేకపాయె.”

పెద్దాయన తల వంచుకున్నాడు. “తమ్మీ, జర ఈ ఒక్కపారి ఆగు” అని అరుగెక్కాడు.

నాయన, నేను గోడ బయట సందులో నిలబడ్డాం. లోపల చరణం ఆగింది. అలవాటు కొద్దీ నాయన గోడకు ముఖం పెట్టి “గట్లనా?” అన్నాడు. వకీలు బండివాడు పగలబడి నవ్వాడు.

“ఏం కాకా, గోడకు కథ చెప్తున్నవా? బండెన్క ఉరికే కుక్క లెక్కున్నది నీ కత!”

దారిలో నాయన ఒక్కటే అడిగాడు. “గదేం మాటరా, వకీల్ సాబ్ అన్నది?”

నాకు తెలియదు. ధాన్యం అమ్మే గంజిలో బస్తాలు మోసే పడుచువాణ్ణి. నాయన మళ్ళీ కథకు పోలేదు. పెద్దాయన రెండుసార్లు ఇంటికొచ్చినా, “నేను లేకున్నా నడుస్తదంట గదన్నా” అని పంపేశాడు.

ఆ కోపంతోనే ఇంగ్లీషు మొదలుపెట్టాను. బడి లేదు. సామాను చుట్టిచ్చిన పాత పేపర్లే పుస్తకాలు. అర్థాలు చెప్పడానికి రైల్వే స్టేషన్‌లో ఒక గుమాస్తా దొరికాడు. సప్లిమెంటు అంటే నిండుగా ఉన్నదానికి పైన కలిపేది, రొట్టెలోకి ఉల్లిగడ్డలాగా. కాంప్లెమెంటు అంటే అది కలిస్తేనే నిండయ్యేది, ఇసుర్రాయికి మీది రాయిలాగా. మీది రాయి తీసేసి జొన్నలు విసరమనండి చూద్దాం! మా నాయన ఉల్లిగడ్డ కాదు.

నిజాం సర్కారు పోయిన మరుసటి ఏడాది వకీలు ఇంటికి వెళ్ళాను. అప్పటికి నాయన మంచంలో ఉన్నాడు. అరుగు కిందే నిలబడి రెండు మాటలకూ అర్థాలు చెప్పాను.

“వకీల్ సాబ్, మీరు తప్పు మాటన్నరు. మా నాయిన పానం ఉండంగనే వచ్చి, సరైన మాట చెప్పున్రి.”

ఆయన వీధివైపు ఒకసారి చూశాడు. ఆ తరువాత చెప్పాడు:

“అర్థం నాకు ఆనాడే ఎరుకరా. మీ నాయినను అరుగెక్కిస్తే నా ఇంటికొచ్చినోళ్ళు మంచినీళ్ళు గూడ ముట్టకపోదురు. ఏదో ఒక మాట గావాల్నాయె. ఇంగ్లీషు మాటైతే ఎవ్వడూ తిరిగి అడగడనుకున్న.”