జకియ్యాకు వేసిన షామియానా

కైరోలోని షుబ్రా వాడలో మనిషి పోతే ముందుగా కబురు వెళ్ళేది రాగిబ్ మేస్త్రీకి. డాక్టరు వచ్చి రూఢి చేయడం ఆ తరువాతి మాట. ఎర్రని, నీలపు గుడ్డముక్కలు అతికి కుట్టిన పరదాలు, బంగారు రంగు పూసిన కుర్చీలు, కొయ్య గుంజలు, కాఫీ పళ్ళేలు ఆయన కొట్టులో తాతనాటి నుంచి ఉన్నాయి. పొద్దుగుంకేలోగా వీధికి అడ్డంగా షామియానా లేపడం, వచ్చినవారికి చక్కెర లేని కాఫీ అందించడం, ఆఖరి మనిషి లేచాక విప్పడం ఆయన పని. పెళ్ళిళ్ళకు ఇవ్వడు. అందుచేత ఆయన గుంజ పాతాడంటే దానికి అర్థం ఒక్కటే. ఎవరు పోయారని అడగకుండానే దారిన పోయేవారు లోపలికి వచ్చి, వరుసలో నిలబడ్డ ఇంటివారితో చేయి కలిపి, ఒక కుర్చీ చూసుకుని కూర్చుంటారు. జనం అడగనక్కర లేకపోవడమే ఆయన వ్యాపారానికి అసలు పెట్టుబడి.

యాభై దాటిన ఆయన ముఖాన నవ్వు చూసినవారు వాడలో తక్కువ. వృత్తి అలాంటిది. నవ్వుకోవలసిందంతా ఆయన పుస్తకాలలో నవ్వుకుంటాడు. అవి ముప్పై ఒక్క ఏళ్ళుగా వస్తున్న 'చంద్రమండల శాఖ' అనే జేబు నవలలు. వాటిలో కైరో ప్రభుత్వం చంద్రుడి మీద ఒక శాఖా కార్యాలయం తెరుస్తుంది. అక్కడ గాలి పీల్చడానికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ మీద ముద్ర వేయించుకోవడానికి మళ్ళీ భూమికి దిగాలి. ఆ ఆఫీసులో టీ కాచేది జకియ్యా. పాత ఫ్రిజ్జు రేకుతో చేసిన యంత్రం. చక్రాల మీద తిరుగుతుంది, అయినా మోకాళ్ళ నొప్పులని రోజంతా మూలుగుతుంది. ఒకసారి వేరే నక్షత్రం నుంచి భూమిని ఆక్రమించడానికి సైన్యం దిగితే, "సంతకం పెట్టే ఆయన ఇవాళ రాలేదు, రేపు రండి" అని వెనక్కి పంపేస్తుంది. ఆ సైన్యం నియమం తప్పనిది. మర్నాడు వస్తుంది, ఆ మర్నాడూ వస్తుంది. తరువాతి నవలలన్నిటిలోనూ వరుసలో నిలబడే ఉంటుంది.

షామియానాలో కూర్చున్న ప్రతివారూ పోయినవారు ఒక్కరి మనసు కూడా నొప్పించలేదనే అంటారు. ఇన్నేళ్ళూ అవే మాటలు విన్న చెవికి, తనకు కాళ్ళు లాగుతున్నాయనీ, ఎదుటివాళ్ళందరూ విసుగనీ ముఖం మీదే చెప్పే జకియ్యా గొంతు ఎంతో హాయిగా ఉండేది.

ఆ నవలలు సినిమాగా వస్తాయన్న మాట రాగిబ్ తన పెళ్ళి నాటి నుంచి వింటున్నాడు. ఇన్నాళ్ళకు వగ్దీ బే అనే నిర్మాత నిజంగా మొదలుపెట్టాడు. బర్సూమ్ కాఫీ కొట్టులో గురువారం గురువారం కలిసే అభిమానులు జకియ్యాకు గొంతు ఎవరివ్వాలన్న దాని మీద ఏడాదిపాటు వాదించుకుని, రెండు ముఠాలుగా చీలి, మళ్ళీ కలిశారు. అప్పుడు గోడల మీద పోస్టరు పడింది. అందులో అందరూ ఉన్నారు, జకియ్యా లేదు. ఆమె ఉండవలసిన చోట తళతళలాడే ఒక మాట్లాడే బంతి ఉంది. ఈ కాలం కుర్రాళ్ళు రేకు ముసలమ్మను చూడరని వగ్దీ బే టీవీలో వివరించాడు.

ఆ రాత్రి రాగిబ్ అన్నం ముట్టలేదు. భార్య ఫిక్రియా ఆయనను కాసేపు పరిశీలించి, "మా అమ్మ పోయినప్పుడు కూడా నీ మొహం ఇట్టా లేదు," అంది.

మర్నాడు పళ్ళ డాక్టరు షాహిందా కొట్టుకు వచ్చింది. అభిమానులకు ఆమె పెద్దదిక్కు.

"మేస్త్రీ, షామియానా కావాలి."

"అయ్యో. ఎవరమ్మా?"

"జకియ్యా."

రాగిబ్ చేతిలోని తాడు కింద పెట్టాడు. "డాక్టరమ్మా, అది చావు కాదు."

"సినిమాలోంచి కోసేశారు. ఇంకేం మిగిలింది? వీధిలో పదిమందిమి నిలబడి అరిస్తే పోలీసులు వచ్చి తోలేస్తారు. అదే వందమందిమి ఏడుస్తూ కూర్చుంటే వాళ్ళే టోపీ తీసి వచ్చి చేయి కలుపుతారు. ఇంకా నెల రోజుల షూటింగుంది. ఆయన మనసు మార్చాలంటే ఇదొక్కటే దారి."

"చావు లేకుండా నేను గుంజ పాతానని తెలిస్తే, రేపు నిజంగా పోయినవాడి షామియానాలోకి ఎవరు అడుగు పెడతారు? ఇది మా తాత పేరమ్మా."

"మరి జకియ్యా పేరో?"

రాగిబ్ కింద పెట్టిన తాడు మళ్ళీ తీసి చుట్ట చుట్టాడు. చివరకు రెండు షరతులు పెట్టాడు. పవిత్ర వచనం చదివే షేక్‌ను పిలవకూడదు. రేకు యంత్రం కోసం దేవుడి మాట చదివించడం పాపం. రెండోది, ఎవరు ఏమడిగినా నిజమే చెప్పాలి. ఈ రెండూ ఉంటే తన పరువు కొంతైనా దక్కుతుందని ఆయన లెక్క.

ఆ లెక్క మొదటి షరతు దగ్గరే తప్పింది. షేక్ ఒక భాగం చదివి ఆగినప్పుడు కొందరు లేచి వెళ్ళడం, కొత్తవారు వచ్చి కూర్చోవడం మర్యాద. చదువు మధ్యలో లేవకూడదు. జకియ్యా షామియానాలో షేక్ లేడు కనుక ఆగడమన్నది రాలేదు. ఆగడం రాలేదు కనుక ఎవరూ లేవలేదు. వాడవారు వస్తూనే ఉన్నారు, కూర్చుంటూనే ఉన్నారు. రాగిబ్ కొట్టులోని కుర్చీలన్నీ తెచ్చి వేశాడు, ఇళ్ళలోంచి బల్లలు అడిగి తెచ్చాడు. షామియానా దాటి మలుపు దాకా జనం మౌనంగా, ముళ్ళ మీద కూర్చున్నట్టు, ముందు ఎవరు లేస్తారా అని ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ కూర్చుండిపోయారు.

కాఫీ అందిస్తున్న బర్సూమ్ రాగిబ్ చెవిలో గుసగుసగా, "హాజీ, మూడో విడత కాఫీ. ఇంకో విడతైతే వీళ్ళకి వారం రోజులు నిద్ర పట్టదు," అన్నాడు.

రెండో షరతు కూడా పెద్దగా ఆదుకోలేదు. ఒక ముసలాయన షాహిందా వైపు వంగి పరామర్శ మొదలుపెట్టాడు.

"ఏం జబ్బమ్మా?"

"మోకాళ్ళ నొప్పులు."

"నొప్పులతో పోతారా ఎవరైనా?"

"అవి ఉండగానే కోత పడింది తాతగారూ."

"ఆపరేషన్లు నమ్మకూడదు. వయసెంత?"

"ముప్పై ఒకటి."

"అయ్యయ్యో, పసిపిల్ల! పిల్లలా?"

"లేరు. పెళ్ళి కాలేదు. ప్రభుత్వాఫీసులో టీ కాచేది."

ముసలాయన కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, "మరి పింఛను ఎవరికొస్తుంది?" అని అడిగాడు.

అప్పుడే ఒక పెద్ద కారు ఆగి, నల్ల సూటులో వగ్దీ బే దిగాడు. కారణం ఆ రోజు పేపరే. అందులో షాహిందా సంప్రదాయం ప్రకారం మరణ ప్రకటన వేయించింది: చంద్రమండల శాఖ ఉద్యోగిని జకియ్యా మరణించారు, ఆమె వగ్దీ బే చిత్ర సంస్థ కుటుంబానికి ఆప్తురాలు, పరామర్శ షుబ్రాలో. పొద్దుటి నుంచి నటులు, బ్యాంకు మేనేజర్లు, ఒక మాజీ మంత్రి ఫోను చేసి వగ్దీ బేకు సానుభూతి చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నం ఆయన తల్లి చేసి, "సొంత మనిషి పోతే ఇంట్లో కూర్చున్నావా? నిన్ను ఇట్టానా పెంచింది?" అని ఏడ్చింది. తన బంధువులందరినీ తాను ఎరగనన్న సందేహం ఆయనకు ఎప్పుడూ ఉండేది. అందుకే, పేపరు తెరిచి కూడా చూడకుండా వచ్చాడు.

వరుసలో అందరికీ చేయి కలిపి, "పోయినామెకు మిగిలిన ఆయుస్సు మీది కావాలి," అన్నాడు. "మీ ఆయుస్సు చల్లగా ఉండాలి," అని బదులు విన్నాడు. కూర్చున్నాడు. కాఫీ తాగాడు. అంతసేపూ ఏడుస్తున్న డాక్టరమ్మ అప్పుడు ఆయన పక్కకు వచ్చి కూర్చుని, పోయింది ఎవరో నెమ్మదిగా చెప్పింది. వగ్దీ బే లేవబోయాడు. జనమంతా ఒక్కసారి అటు తిరిగారు, ఆయన లేస్తే తామూ లేవచ్చునన్న ఆశతో. ఇన్ని కళ్ళు తన మీద పడేసరికి బెదిరి ఆయన మళ్ళీ కూర్చున్నాడు. షామియానా అంతటా ఒక నిట్టూర్పు వినిపించింది.

అది భరించలేక ముసలాయన గట్టిగానే అడిగాడు. "అసలు ఈ పిల్ల ఎవరు? ఏ ఇంటిది?"

నిజం చెప్పాలన్న షరతు రాగిబ్‌దే. ఆయన మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "పిల్ల కాదు మామా. యంత్రం. పుస్తకంలోది. రేకు."

"రేకా?"

"ఫ్రిజ్జు రేకు."

షుబ్రా మొత్తం ఒకేసారి మాట్లాడింది.

"నేను ఫ్రిజ్జు కోసం ఏడ్చానా?"

"మా కొడుకు నిశ్చితార్థం వదిలి వచ్చాను నేను!"

"రాగిబ్, నువ్వా? మీ నాన్న ఉంటే ఈ గుంజే పీకి నీ వీపు మీద విరిచేవాడు!"

షాహిందా అడ్డం వచ్చింది. "మేస్త్రీని ఏమనకండి. ఆమెను తీసేసింది ఈయన," అని వగ్దీ బే వైపు చెయ్యి చూపింది. "ఈయన సినిమాలోంచి."

కోపానికి కొత్త దారి దొరికింది. "చంపినవాడే పరామర్శకొచ్చాడా?" అని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. "కాఫీ కూడా తాగాడు!" అని మరొకరు అందుకున్నారు. తాగినవారందరికీ అది పెద్ద నేరంగా తోచింది.

వగ్దీ బే చేతులు జోడించాడు. "నేను చంపలేదయ్యా! బంతి చవక, అంతే. రేకుకి మనిషి కావాలి, లోపల దూరి తోయడానికి. నాకూ అమ్మ ఉంది. పొద్దుటి నుంచీ ఆమె నా మీద ఏడుస్తోంది. సరే, పెడతాను. రేపే పెడతాను. జకియ్యాను తిరిగి తెస్తాను."

అభిమానులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. రాగిబ్ గుండె ఒక్క గెంతు వేసింది. కాని బర్సూమ్ పళ్ళెం కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఎట్టా తెస్తావు బేగారూ? ఊరంతా చేయి కలిపింది, కాఫీ తాగింది. రాగిబ్ షామియానా కింద ఊరి చేత ఏడిపించుకున్నవాళ్ళు ఈ వాడలో ఒక్కళ్ళైనా తిరిగొచ్చారా? ఆమె లేచి వస్తే హాజీ సరుకుకి విలువేముంది?"

"అవును," అన్నాడు ముసలాయన. "పరామర్శ అయిపోయింది. ఇప్పుడు బతకడం బాగోదు."

అందరూ రాగిబ్ వైపు చూశారు. ఆ మాటలో న్యాయం ఉందని ఆయనకు తెలుసు. జకియ్యా పోయిందని ఒప్పుకుని రాత్రంతా కూర్చోబెడితే, రేకు సంగతి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. షామియానా మాట నిలుస్తుంది. ఆమె బతకాలంటే తాత నాటి నుంచి ఎన్నడూ తప్పని షామియానా తప్పిందని తన నోటితో తానే చెప్పాలి.

ఆయన మూలకు నడిచి గుంజ తాడు ముడి విప్పాడు. పరదా ఒక పక్కన జారి, వీధి దీపం వెలుగు లోపల పడింది.

"వార్త తప్పు," అన్నాడు రాగిబ్. "నేను తొందరపడ్డాను. ఆమె ఉంది. లేవండి, ఇళ్ళకు వెళ్ళండి."

ఆ మాట పూర్తి కాకముందే రెండు మూడు వందల మంది లేచి నిలబడ్డారు. జకియ్యా బతికిందన్న సంతోషం కొందరికే కలిగింది. లేవవచ్చునన్న సంతోషం మాత్రం అందరికీ కలిగింది. ఎవరో ఆడవారు మేడ మీద నుంచి పెళ్ళిలో లాగా నాలుక ఆడించి కూత వేశారు. బర్సూమ్ నిమిషంలో గులాబీ షర్బత్ కలిపి తెచ్చాడు. ముసలాయన రెండు గ్లాసులు తాగి, పింఛను మాత్రం మళ్ళీ ఆమెకే ఇప్పించాలని వగ్దీ బే దగ్గర మాట తీసుకున్నాడు.

వగ్దీ బే మాట నిలబెట్టుకున్నాడు. రేకు లోపల దూరి తోయడానికి తన బావమరిదిని పెట్టాడని, అతనికి నిజంగానే మోకాళ్ళు పట్టేశాయని షాహిందా కబురు తెచ్చింది. అభిమానులు ఉత్సవం చేసుకున్నారు. రాగిబ్ మాత్రం కొట్టులో ఒంటరిగా కూర్చునేవాడు. వాడలో ఇద్దరు పోయారు. రెండు ఇళ్ళవారూ పక్క వాడ నుంచి షామియానా తెప్పించుకున్నారు. "నీ రేకు మరదలు బతికింది, మన పొయ్యి చచ్చింది," అని ఫిక్రియా రోజూ గుర్తుచేసేది. ఆయన కాదనేవాడు కాదు. అయినా ఆ ముడి విప్పినందుకు బాధపడుతున్నాడా అని తనను తాను ప్రశ్నించుకుంటే, లేదనే జవాబు వచ్చేది.

ఒక ఉదయం సంత వీధి కోళ్ళ వ్యాపారి భార్య ఉమ్ ఫర్హాత్ నల్ల బట్టలతో గుమ్మంలో నిలబడింది. వెనకాల ఇద్దరు కొడుకులు ఉన్నారు.

"మా ఆయన పోయాడన్నయ్యా. షామియానా కావాలి."

రాగిబ్ లేచి నిలబడ్డాడు. సంతోషం ముఖంలోకి రానివ్వకుండా, "మిగిలిన ఆయుస్సు మీది కావాలమ్మా," అన్నాడు. గోడ పక్కన మడిచి ఉన్న పరదాల వైపు చెయ్యి చాచాడు.

"అది కాదు!" అంది ఆమె, ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతూ. "ఆ రోజు వేసింది అదేనా?"

"అదేనమ్మా."

"దాని కింద ఏడిపించుకున్నామె తిరిగొచ్చిందటగా. వద్దు. ఇరవై ఆరేళ్ళు భరించాను ఆయన్ని. ఇంకో షామియానా ఉందా నీ దగ్గర, గట్టిది?"

ఉందన్నాడు రాగిబ్. లోపలి గదిలోంచి తాత కుట్టించిన పాత పరదాను మోసుకొచ్చి ఆమె ముందు పరిచాడు. ఆమె వంగి, ముడులు ఒక్కొక్కటే లాగి చూసుకుంది.