రెండో భాగంలో ఆలుబిడ్డలు లేరు

సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో మా ఇంట్లో ఒక రాజుగారు ఉండేవారు. ఆయన ఇకామా మీద, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు మీద మాత్రం పని చేయడానికి అనుమతి లేదని రాసి ఉండేది. నేను అక్కడి ఆసుపత్రిలో నర్సుని. ఆయన నా మురాఫిక్, అంటే నా వీసా నీడన నా వెంట ఉండే మనిషి. మా అత్తగారికి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. ఫోన్ చేసినప్పుడల్లా మావాడక్కడ ఏం చేస్తున్నాడని అడిగేది. రాజ్యం ఏలుతున్నాడని చెప్పేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రాజ్యం కంప్యూటర్లో ఉండేది. అలాంటి తలనొప్పి ఆట నేనింకొకటి చూడలేదు. యుద్ధానికి వెళ్ళాలంటే సైనికులకు రొట్టె కావాలి. రొట్టెకు గోధుమ, గోధుమకు కాలువ, కాలువకు రాయి, రాయికి కొట్టేవాళ్ళు. అక్కడితో అయిపోతుందా అంటే, ఆ కొట్టేవాళ్ళకు ఆలుబిడ్డలు. వాళ్ళకు గుడిసెలు, బావులు, జ్వరమొస్తే వైద్యుడు. వాళ్ళను సరిగ్గా చూసుకోకపోతే మగవాళ్ళు పలుగులు కింద పడేసి కూర్చునేవాళ్ళు. మా ఆయన శత్రువులను పల్లెత్తు మాట అనేవారు కాదు, తిట్లన్నీ ఈ ఆలుబిడ్డలకే. "తిండికి తిమ్మరాజులు, పనికి పోతరాజులు" అని విసుక్కునేవారు. ఇకామా మీద పనికి అనుమతి లేదని రాయించుకున్న మనిషే ఆ మాట అంటుంటే, ఆయన వండిన చేపల పులుసు కలుపుకుంటూ నవ్వు ఆపుకోవడం నాకు కష్టమయ్యేది.

ప్రతి శుక్రవారం మంత్రిగారు వచ్చేవాడు. జగిత్యాల దగ్గరి అబ్బాయి, ఏసీ మెకానిక్. ఏడాది పొడుగునా చల్లగా ఉండే కొండల ఊళ్ళో ఏసీ మెకానిక్‌కి ఏం పని ఉంటుంది? గీజర్లు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తూ బతికేవాడు. ఎంతమంది సౌదీలకు ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాఖాత్ వచ్చిన కొత్తలో అతని కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇకామా రెన్యువల్ కాదు. ఆకుపచ్చ కంపెనీ కోసం ఊరంతా తిరిగి తిరిగి చివరికి ఎలాగో ఒకదాంట్లోకి మారాడు. ఆ మారడం మారడం, ఎరుపు అంటేనే హడలిపోయేవాడు.

ఆటలో ఏ తెగ మన వంతుకొస్తే ఆ తెగ రంగే మనది. ఎర్ర తెగకు రెండు నదులు, నల్లరేగడి. ఆకుపచ్చ తెగకు ఇసుక, ముళ్ళకంపలు, దూరంగా ఒక బావి. మంచి ఎర్ర తెగ వచ్చిన ప్రతిసారీ మంత్రిగారు కుర్చీ వెనక్కి జరిపేవాడు.

"నాకొద్దన్నా ఎర్రది. ఆటల గూడ నేను ఎరుపుల ఉండ. మల్ల పెట్టు."

మా ఆయన ఆట ఆపేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆకుపచ్చ వచ్చేదాకా అలా పెడుతూనే ఉండేవారు. ఆకుపచ్చ వచ్చాక ఇద్దరూ హాయిగా ఊపిరి పీల్చుకుని, ఆ ఇసుకలో కాలువ తవ్వడానికి కూర్చునేవారు. ఆ ఆట వాళ్ళు ఒక్కసారి కూడా గెలవలేదంటే ఆశ్చర్యమేముంది?

ఒకసారి మంత్రిగారు కంపెనీ పని మీద జెద్దా వెళ్ళి, షరఫియా బజారులో మాకు ఆవకాయ, దాంతోపాటు ఆ ఆట రెండో భాగం కొనుక్కొచ్చాడు. మా ఆయన పండగ చేసుకున్నారు. ఆ పండగ మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. రెండో భాగంలో కాలువ లేదు, రాయి లేదు. తిండి అని ఒక బొమ్మ, దాన్ని నొక్కితే తిండి వచ్చేస్తుంది. సైన్యం బొమ్మ నొక్కితే సైనికులు బిలబిలమంటూ బయటికొస్తారు. రంగు కూడా మనిష్టం. మంత్రిగారు ఆకుపచ్చ ఎంచుకుని, రెండు నదుల పక్కన రాజ్యం పెట్టి, జన్మ ధన్యమైనట్టు కూర్చున్నాడు. మంచిగుంది, రందే లేదన్నాడు. రందీ దిగులూ లేనప్పుడు అది ఆటెలా అవుతుందని మా ఆయన.

అప్పటిదాకా ఆ కంప్యూటర్ జోలికి పోని నేను కూడా, బట్టలు ఆరేసి వచ్చి ఓ చెయ్యి వేశాను. టీ చల్లారేలోపు గెలిచేశాను. మీరిన్నేళ్ళుగా ఏం చేస్తున్నారండీ అని అడిగాను కూడా. ఆయన మొహం మాడిపోయింది.

"ఆలుబిడ్డల్ని ఎత్తేశారే ఇందులో," అన్నారు. "సైనికుడున్నాడు, వాడికో ఇల్లు లేదు. వాడెవరి కోసం పోట్లాడుతున్నట్టు?"

తిమ్మరాజులని తిట్టింది మీరే కదా అన్నాను. తిట్టుకోవడానికైనా ఉండాలి కదా అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వారం రోజులు ఇంట్లో అదే గొడవ. రెండో భాగం పెట్టె బీరువా పైకెక్కింది.

ఆ తర్వాత లెవీ వచ్చింది. ఇకామా మీద కుటుంబంతో ఉన్నవాళ్ళు ఒక్కో తలకు నెలనెలా సర్కారుకు కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది. నితాఖాత్ గోరుచుట్టైతే ఇది రోకటిపోటు. మా ఇంట్లో ఆ తల ఒక్కటే, మా ఆయనది. వార్డులో ఎవర్ని కదిపినా ఇదే మాట. ఒకరి తర్వాత ఒకరు మొగుళ్ళనీ పిల్లల్నీ ఇంటికి పంపేసి ఆసుపత్రి హాస్టల్లో చేరుతున్నారు. నాకూ అదే సబబనిపించింది. ఆయన ఊరికి, నేను హాస్టల్‌కి. అద్దె లేదు, లెవీ లేదు. రెండో భాగంలా తేలిక.

భయపడుతూనే చెప్పాను. ఆయన సరేనన్నారు. అంతే, సరే. కాలువ తీసేశారని వారం రోజులు పోట్లాడిన మనిషి, తనను తీసేస్తుంటే లేచి బీరువా పైనుంచి సూట్‌కేసు దించారు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ దిగమింగుకుని హాస్టల్ గది చూడ్డానికి బయల్దేరాను.

మా వైపు సిస్టరే ఒకావిడ, కుటుంబాన్ని అప్పటికే పంపేసింది, గది చూపించింది. మంచం, బీరువా, కెటిల్. బస్సు గుమ్మంలోకే వస్తుంది, తిండి మెస్‌లో. వంట లేదు, అంట్లు లేవు, ఏ బాదరబందీ లేదంది. చాలా సుఖంగా ఉందంది. తర్వాత మెస్ పప్పు గురించి మొదలుపెట్టింది. అది ఏ రోజు పలచగా ఉంటుందో, ఏ రోజు ఉప్పు తక్కువవుతుందో. పప్పు గురించి అంతసేపు మాట్లాడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. లేచి వస్తుంటే గేటు దాకా వెంట వచ్చి, చారు గురించి మొదలుపెట్టింది. పాపం, ఆమె చెయ్యి విడిపించుకుని రావడానికి నాకు మనసొప్పలేదు.

ఇంటికొచ్చేసరికి యుద్ధం జరుగుతోంది. ట్యాంకర్ వాడు మా నీళ్ళు పక్కింటి తొట్టెలో నింపేసి పోయాడట. ఆ ఇంటాయనతో మా ఆయన సగం అరబ్బీ, సగం ఉర్దూలో తగువులాడి వచ్చారు. డాబా మీద ఎండబెట్టిన వడియాలు కొండకోతులు ఎత్తుకుపోయాయి. గీజర్ కారుతోంది. మంత్రిగారు నిచ్చెన మీద నుంచుని తల గీజర్ వెనక దూర్చి, "అక్కా, దీని పని ఖతం," అంటున్నాడు. పొయ్యి మీద అన్నం. మా ఆయన గరిట చేత్తో పట్టుకుని ట్యాంకర్ వాణ్ణీ, పక్కింటాయన్నీ, కోతుల్నీ వరసపెట్టి తిడుతూ నాకు చెబుతున్నారు. హాల్లో నేల మీద ఆయన సూట్‌కేసు, సగం సర్ది ఉంది.

భుజాన బ్యాగు అలాగే ఉండగా సూట్‌కేసు మూసి, గోడవారకు నెట్టేశాను.

"రెండో భాగం వద్దండీ," అన్నాను. "మొదటిదే ఆడుకుందాం."

ఆయన గరిట దించారు. నా వైపు చూశారు, సూట్‌కేసు వైపు చూశారు.

"మొదటిదాంట్లో మనం ఒక్కసారి కూడా గెలవలేదు కదే," అన్నారు.

"గెలవకపోతే పోయె. అన్నం అడుగంటుతోంది, చూడండి."