డెల్మర్ పెరటి తడి

అమెరికాలోని కెంటకీ కొండల్లో డెల్మర్ హ్యూకిల్ ఇరవై ఆరేళ్లు కౌంటీ ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, వాటి నీళ్లు నేలలోకి ఇంకడానికి పూడ్చిన చిల్లుల గొట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. మురుగు పైకి ఊరిన ఇంటి తలుపుకి ఖాళీ చేయమనే ఎర్ర కాగితం అంటించేటప్పుడు ముఖం చూసి మెత్తబడే మనిషి కాదు. రోడ్డవతలి పొలం ఓడెల్ స్టాంపర్ తల్లి ఐసీ ఇంటికీ అలాగే అంటించాడు. ఎనభై ఏళ్ల మనిషి రెండు నెలలు కూతురింట్లో తలదాచుకుంది.

రిటైరైన నాలుగో ఏట, మార్చి వానలకి, ఆయన పెరట్లోనే గడ్డి చారలు చారలుగా నల్లటి పచ్చదనంతో లేచింది. అడుగు వేస్తే నేల బుడుక్కుమంది. లోపల స్నానాల తొట్టి గుటకలు వేసింది. మురుగు నేలలోకి ఇంకడం లేదని ఆయనకి తెలియంది కాదు.

"ఆదివారం మా చెల్లెలు వాళ్లని భోజనానికి పిలవనా?" అంది భార్య నాడీన్.

"నాకు నడుం బాలేదని చెప్పు."

"బాలేనిది నడుమా, పెరడా?"

ఆ ఆదివారం ఆమె చర్చికి వెళ్లగానే ఆయన బట్టలుతికే యంత్రం నీళ్లు ట్యాంకులోకి పోకుండా ఒక నల్ల గొట్టం తగిలించి, రోడ్డు పక్క కాలవలోకి వదిలి, మీద ఎండాకులు కప్పాడు. ఇంకొకడెవడైనా ఈ పని చేసుంటే కోర్టుకి ఈడ్చేవాడు.

పది రోజులకి ఓడెల్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల మట్టి తవ్వే యంత్రం ఉన్నది అతనికొక్కడికే.

"ఇన్‌స్పెక్టరూ, మా కుంట మీద నురుగు తేలుతోంది. ఆవులు మూతి పెట్టడం లేదు. పైనుంచి ఎవడో కాలవలోకి ఏదో వదులుతున్నాడు. నీకు తెలిసినంత మాకు తెలీదు కదా, ఒకసారి వచ్చి చూడవయ్యా."

వెళ్లక తప్పలేదు. ఇద్దరూ కాలవ వెంట నడిచారు. నీళ్లలో సబ్బు వాసన నాడీన్ వాడేదే. ఓడెల్ వంగి నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, ఆయన ముక్కు దగ్గరా పెట్టి, "ఏమంటావ్?" అన్నాడు.

"పైపొలాల ఎరువు కొట్టుకొచ్చుంటుంది," అన్నాడు డెల్మర్.

ఓడెల్ ఆ మాట నమ్మాడు. ఇన్నేళ్లుగా డెల్మర్ మాటంటే ఊళ్లో అందరికీ ఉన్న నమ్మకమే అది. ఇంటికొచ్చి ఆయన భోజనానికి కూర్చున్నాడు. బీన్స్ గిన్నె పక్కకి నెట్టి నాడీన్‌తో అంతా చెప్పాడు.

"నా మురికిబట్టల నీళ్లు వాళ్ల ఆవులకి పోశావా?" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే ఆ గొట్టం పీకి భుజాన వేసుకుని ఓడెల్ ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోనే కింద పడేశాడు.

"ఎరువు కాదు ఓడెల్. నేనే."

ఓడెల్ గొట్టాన్ని చూశాడు, ఆయన్ని చూశాడు. "నిన్న నాతో కాలవంతా నడిచావే!"

"నడిచాను."

"వాసన చూపిస్తే చూశావే!"

ఆ రోజే డెల్మర్ కౌంటీ ఆఫీసుకి తనే ఫోన్ చేసి చెప్పాడు. పాత గొట్టాలు తీసేసి కొత్తవి వేయాలన్నారు. తవ్వడానికి ఓడెల్‌నే పిలవాల్సి వచ్చింది.

నాలుగడుగులు తవ్వేసరికి బూడిదరంగు బంకమన్ను పడింది. నీళ్లు ఇంకే నేల కాదది, కుండలు చేసుకునే మన్ను. ఓడెల్ యంత్రం ఆపి దిగాడు. గుప్పెడు మన్ను పిసికి ఉండ చేశాడు.

"ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చని సంతకం పెట్టిన మహానుభావుడెవరు?"

ఇరవై రెండేళ్ల కిందట, నేల నీళ్లు పీలుస్తుందో లేదో చూడటానికి తవ్విన పరీక్ష గోతిలో పోసిన నీళ్లు తెల్లారినా అలాగే నిలిచి ఉండటం డెల్మర్ కళ్లముందు కదిలింది. నాడీన్ ఇల్లు కట్టుకోవడానికి ఈ కొండవాలు మీద మనసుపడింది. ఆయన కాగితం మీద నీళ్లు ఇంకినట్టు రాసుకున్నాడు.

"నేనే," అన్నాడు.

"మా అమ్మ నేల దీనికన్నా నయమయ్యా," అన్నాడు ఓడెల్. ఇంకేమీ అనకుండా వెళ్లి యంత్రం ఎక్కాడు. నాలుగు తిట్లు తిట్టినా డెల్మర్‌కి అంతకన్నా తేలికగా ఉండేది.

ఆ మన్ను మీద బయటినుంచి ఇసుక తోలి దిబ్బ పోసి, అందులో కొత్త గొట్టాలు పరవాలి. మూడు వారాల పని. అంతవరకు ఇంట్లో నీళ్లు వాడొద్దన్నారు. "స్నానాలకి మా ఇంటికి రండి, ఇంకెక్కడికి పోతారు?" అన్నాడు ఓడెల్.

అలా రోజూ పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు దాటాల్సి వచ్చింది. వరండాలో ఊగే కుర్చీలో, ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంటున్న ఐసీ ముసలమ్మ కూర్చుని ఉండేది. మొదటి వారం ఆవిడ కళ్లు తప్పించుకునే లోపలికి పోయాడు. ఎనిమిదో రోజున ఆగాడు.

"అమ్మా, ఆ రోజుల్లో మిమ్మల్ని బయటికి పంపాను. రూలు ప్రకారమే పంపాను. నా ఇంటికొచ్చేసరికి రూలు లేకపోయింది. నన్ను క్షమించండి."

ఆవిడ కుర్చీ ఊపడం ఆపింది.

"నేను లేని రెండు నెలల్లో నా కోళ్లన్నింటినీ నక్క ఎత్తుకుపోయింది. పదకొండు. పేర్లతో సహా చెప్పగలను."

"నాకు తెలీదమ్మా."

"నువ్వు అడగలేదుగా."

లోపల ఓడెల్ తువ్వాలు కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"క్షమించడం సంగతి తర్వాత చూద్దాంలే," అంది ముసలమ్మ. "ముందు వెళ్లి స్నానం చెయ్యి. ఓడెల్ మొదలెట్టాడంటే వేడినీళ్లు మిగల్చడు."