నాలుగో తరగతి గది ఖాళీ చేసిన మేడం

మాకు నాలుగో తరగతి చెప్పిన మేడం పోయిన మంగళవారం నంద్యాలలో, తమ ఇంట్లో, కన్నుమూశారు. ఈ వార్తను మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు తగిన గౌరవంతోనే స్వీకరించింది. గంటలోపు నలభై 'ఓం శాంతి'లు, అన్నీ ఒకే దీపం బొమ్మతో. ఒకరిది చూసి ఒకరు దించే విద్య మావాళ్లు ఇంకా మరిచిపోలేదు. ఒకడు పొరపాటున కేకు బొమ్మ పెట్టి అరగంట తర్వాత తీసేశాడు. మేడం ఉండి ఉంటే నలభైలో ముప్పై తొమ్మిది చెరిపించేవారు. అనవసరమైనది ఏదైనా ఆమెకు అసహ్యమే, సంతాపమైనా సరే.

ఆళ్లగడ్డలోని మా బడిని పాఠకులు చూసి ఉండరు, పెద్ద నష్టమేమీ లేదు. ఆమె రాకముందు మా నాలుగో తరగతి గదిలో నాలుగో తరగతి తప్ప అన్నీ ఉండేవి. కాలు విరిగిన బెంచీలు, నడుము విరిగిన కుర్చీలు, తలుపు ఊడిన బీరువా, సముద్రాలన్నీ చెదలు తాగేసిన ప్రపంచపటం, ఎవరిదో తెలియని సైకిలు. సర్కారు బడిలో వస్తువుకు చావు అంత తేలిగ్గా రాదు. ఒకసారి స్టాకు రిజిస్టరులో పేరెక్కిందంటే, పైఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసి 'పనికిరాదు' అని సంతకం పెట్టేదాకా అది బతికున్నట్టే. కాబట్టి కుర్చీలు గదిలో, మేము వరండాలో. ఎండ జరిగేకొద్దీ మేమూ జరిగేవాళ్లం. గోడకు ఆనించిన నల్లబల్ల మీద వెలుగు పడి సగం అంకెలు కనబడేవి కావు. లెక్కల్లో నేను మొద్దునని మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు. నేనూ చెయ్యెత్తాను.

మేడం రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేవారు. మొదటి రోజే కిటికీలోంచి గదిలోకి తొంగి చూసి, నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి పోయారు.

"ఏంది సార్ ఆ గది? పిల్లోళ్లు బయట, కట్టెలు లోపల?"

"అది స్టాకమ్మా. కాలిరిగినా స్టాకే. పైనుంచి వచ్చి సంతకం పెట్టాల."

"ఎప్పుడొస్తారు?"

"వస్తార్లే. అయినా వరండాలో గాలి బాగా వస్తాది కదమ్మా, నీకేం ఇబ్బంది?"

ఆరేళ్లుగా ఈ ఒక్క జవాబుతో ఉద్యోగం చేసిన మహానుభావుడాయన. మేడం నెలకో అర్జీ రాసిచ్చారు. ఆయన నెలకోసారి "పంపిస్తాండాం కదమ్మా" అన్నారు.

ఇటు మా సంగతీ ఆమె వదల్లేదు. శనివారం చివరి పీరియడులో అందరం సంచులు నేల మీద బోర్లించాలి. సుద్దముక్కతో చూపిస్తూ విచారణ చేసేవారు. నా సంచిలో ఒకసారి చింతపిక్కలు, సగం దువ్వెన, మాడిపోయిన బల్బు దొరికాయి.

"ఇదేందిరా? సంచా, పాత ఇనుము అంగడా?"

"ఎప్పటికైనా పనికొస్తాదని, మేడం."

"ఎప్పటికైనా అంటే ఎప్పటికీ రాదని అర్థం. పారెయ్."

పారేశాను. ఆ బల్బు ఇంతవరకూ అవసరం పడలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ ఏడు ఎండలు ముదిరిన ఒక శనివారం, హెడ్మాస్టరు ఏదో మీటింగుకు పోయినపుడు, మేడం కొంగు నడుముకు చుట్టి ఆ గది తాళం తీశారు. సామానంతా మోసుకుపోయి హెడ్మాస్టరు గదిలో పేర్చమన్నారు. ముప్పై మందిమి చీమల్లా మోశాం. బీరువా కదిలిస్తే అడుగు అరలోంచి ఆమె రాసిన అర్జీలన్నీ జారిపడ్డాయి, ఒక్కటీ గడప దాటినది కాదు. ఆమె వాటిని దులిపి, వరసగా సర్ది, హెడ్మాస్టరు బల్ల మీద పెట్టారు.

ఆయన సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. లోపలికి దారి లేదు మరి.

"ఏందమ్మా ఈ పని? స్టాకు ముట్టుకుంటే ఉద్యోగం పోతాది, తెల్సా?"

"స్టాకు బళ్లోనే ఉంది సార్. ఒక్క పుల్ల కూడా గేటు దాటలే."

"మరి నేను యాడ కూర్చోవాల?"

"వరండాలో. గాలి బాగా వస్తాది."

ఆరేళ్లు రాని ఆఫీసరు పదిరోజుల్లో వచ్చాడు. ఎండకు మాడిన హెడ్మాస్టరు ఎంత చురుకుగా ఉత్తరాలు రాయగలరో ఆ పదిరోజుల్లో బడి మొత్తం చూసింది. మేము గదిలోకి వెళ్లిన మొదటి రోజు మేడం ఒక భాగహారం వేశారు. అంకెలన్నీ కనబడ్డాయి. నాకు చేతనైంది. ఇంట్లో చెబితే మా నాయన నమ్మలేదు, మళ్లీ చేసి చూపించమన్నాడు. ఆ తర్వాత డిగ్రీ దాకా నేను చదివిన చదువంతా ఆ మధ్యాహ్నం మొదలైందే. ఆ రుణం చెప్పుకోడానికే ఇంతా రాస్తున్నాను.

సంతాపసభ అదే గదిలో పెట్టారు. ఇప్పటి నాలుగో తరగతి పిల్లలను వరండాలో కూర్చోబెట్టారు. రిటైరైన మా హెడ్మాస్టరు ముఖ్య అతిథి. "నేనూ ఆ తల్లీ కలిసి ఈ గదిని బాగు చేసినాం" అని కళ్లు తుడుచుకున్నారు. కన్నీళ్లు నిజమైనవే, మాటలు మాత్రం కావు. ఇది ఆళ్లగడ్డ, శిల్పులకు కొదవ లేదు కాబట్టి విగ్రహం అన్న మాట మూడో నిమిషంలోనే వచ్చింది. మేడం విగ్రహం, ఆమె కుర్చీ, బల్ల, ఫోటో అన్నీ ఈ గదిలోనే పెట్టి, తాళం వేసి, స్మారక గది చేద్దామని ఆయన ప్రతిపాదించారు. టీచర్లందరూ చప్పట్లు కొట్టారు. తాళం అనగానే చప్పట్లు కొట్టే జాతి మనది.

మేడం కూతురు లేచింది. "మరి పిల్లోళ్లు సార్?"

"కొన్నాళ్లు వరండాలో సర్దుకుంటారు తల్లీ."

"మా యమ్మను పాతసామాను చెయ్యొద్దు సార్."

అంతే అంది. బెంచీ మీది ఫోటోకున్న దండ తీసి పక్కన పెట్టి, ఫోటో చంకన పెట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. ముఖ్య అతిథి మైకు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టబోయారు. పొగడడానికి ఎదురుగా ఫోటో కూడా లేదు. ఒక్కొక్కరుగా అందరూ లేచారు.

గంట కొట్టగానే పిల్లలు లోపలికి తోసుకొచ్చారు. ముందు బెంచీ నిండా బంతిరేకులు. ఒక పాప వాటిని అరచేత్తో కిందికి ఊడ్చేసి, తడి మరకను గౌను అంచుతో తుడిచి, అక్కడే కూర్చుని నల్లబల్ల వైపు చూసింది.