ఆ రోజు లోపల ఉన్న నర్సు

చాలా ఏళ్లుగా ఒక మాట మింగి తిరుగుతున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. కోరుట్ల ఆడపడుచును, జగిత్యాల వైపు ఒక ఆసుపత్రిలో నర్సుగా చేశాను. అంతవరకు చాలు.

ముందు గొప్పే చెప్పుకుంటాను. ఆ హక్కు నాకుంది. మేం కాంట్రాక్టు నర్సులం. ఏటా పైనుంచి కాగితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఊరందరికీ కానుపులు చేసే మాకు కానుపు సెలవు లేదు. పర్మినెంటు చేస్తూ జీవో ఇవ్వాలని ఆసుపత్రి గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. ఏడు నెలల కడుపుతో ఉన్న పిల్ల కూడా ఎండకు కదల్లేదు. అందరినీ నడిపించింది నేను. ఇప్పటికీ తలచుకుంటే గుండె ఉప్పొంగుతుంది.

ఒకరోజు పొద్దున, కానుపుల గది చూసే పర్మినెంటు సిస్టరు రాలేదని తెలిసింది. లోపల ముగ్గురు నొప్పులు పడుతున్నారు. బుగ్గారం, పెగడపల్లి ఊళ్ల ఆడపిల్లలు. ముగ్గురి మొగుళ్లూ దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు, వెంట అత్తలే దిక్కు. ఎట్లా వదిలేస్తాం? టెంటులో మాతో కూర్చున్న స్టాఫ్ నర్సు షాహెదాను పక్కకు పిలిచి వెనక గేటు నుంచి లోపలికి పంపాను. హాజరు పట్టీలో మాత్రం సంతకం పెట్టొద్దన్నాను. పెడితే సమ్మె విరిగినట్టు లెక్క. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మధ్యాహ్నానికి, డ్యూటీలో చేరని వాళ్లను తీసేస్తామని ఉత్తర్వు వచ్చింది. మాకు మద్దతుగా వచ్చిన నాయకుడు మైకు అందుకుని, ఒక్క నర్సు కూడా లోపల లేదని ప్రకటించాడు. పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను. సాయంత్రం షాహెదా నెత్తుటి ఏప్రన్‌తో బయటికి వచ్చింది. భయపడి చేరిపోయిందని అందరూ తిట్టారు. ఆమె నా వైపే చూసింది. నేను నోరు విప్పలేదు.

వారానికి చర్చలు ముగిశాయి. జీవో సంగతి తర్వాత చూస్తాం, సమ్మెలో ఉన్నవాళ్లను మాత్రం తీసెయ్యం, పేర్లు రాసివ్వండి అన్నారు అధికారులు. రాసింది నేనే. షాహెదా పేరుంటే ఒప్పుకోమన్నారు తోటివాళ్లు. రాయలేదు. అటు హాజరు పట్టీలోనూ లేదు, ఇటు నా జాబితాలోనూ లేదు. ఆమెను తీసేశారు.

షాహెదా తన ఊరు సిరిసిల్ల నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది.

“అక్కా, నన్ను లోపటికి పొమ్మన్నది నువ్వే గదా? సంతకం పెట్టకన్నది గూడ నువ్వే. గా ఒక్క మాట గాళ్లకు చెప్పరాదు?”

“జీవో రానియ్యి షాహెదా. అప్పుడు చెప్త. ఇప్పుడు చెప్తే మేమిచ్చిన జాబితా అబద్ధమని అందరి నౌకరీలు పోతయ్.”

ఆమె గొడవ పెట్టుకోలేదు. “గా ముగ్గురు తల్లులు మంచిగున్నరా అక్కా?” అని అడిగి లేచింది.

నిజంగా అందరి నౌకరీలు పోతాయనే ఆగానా? సమ్మెలో ఉండగానే ఒకరిని లోపలికి పంపిన నాయకురాలిని ఎవరూ లెక్కచేయరని ఆగానా? అప్పుడు మొదటిదే అనుకున్నాను. ఇప్పుడు అనుకోలేను.

ఆమె భర్త నడిపే మగ్గాలు ఆగిపోయాయి. గల్ఫ్‌కు నర్సుగా పోదామంటే అనుభవ పత్రం తప్పనిసరి అన్నారు, తీసేసినవాళ్లకు ఆసుపత్రి ఇవ్వలేదు. ఇంటిపని వీసా మీద పోయింది. ఎవరింట్లోనో ముసలామెకు స్నానం చేయిస్తోందని విన్నాను.

ఏళ్లు పట్టినా జీవో వచ్చింది. మా పోరాటంతోనే వచ్చింది. మా తర్వాతి పిల్లలకు కానుపు సెలవు ఉంది. నాకు శాలువాలు కప్పారు. అప్పుడు చెప్తానన్న మాట మాత్రం చెప్పలేదు. పైగా ప్రతి సభలో, మా సమ్మె వల్ల ఒక్క తల్లీ చావలేదు, ఒక్క బిడ్డా చావలేదు అని గర్వంగా అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ రోజు ఒక బిడ్డ మెడకు పేగు చుట్టుకుని పుట్టింది. షాహెదా ఒక్కతే విప్పి ఏడిపించింది. ఆ ఏడుపు టెంటు దాకా వినిపించింది.

క్షమాపణ కోసం రాయడం లేదు, అది ఇవ్వాల్సిన మనిషి మీరు కాదు. అప్పటి కాగితం మీద రాయని వరుసను ఇక్కడ రాస్తున్నాను.

షాహెదా, స్టాఫ్ నర్సు. సమ్మెలో ఉంది. నేను పంపితే డ్యూటీలోనూ ఉంది.